నడిచే రోబో నిలదొక్కుకోవాలంటే: గరిమనాభి కొలత నుంచి పదో అడుగు దాకా

“సార్, నిలబెడితే బాగానే నిలబడుతోంది. అడుగు తీయగానే పక్కకు ఒరిగిపోతోంది.” ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే విశాఖపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ విద్యార్థుల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. మధురవాడ నుంచి ఒకరు, గాజువాక నుంచి ఒకరు, అనకాపల్లి నుంచి మరొకరు వీడియో పంపి, కంట్రోలర్‌లో గెయిన్ (ఒరుగుదలకు మోటారు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) ఎంత పెట్టాలో చెప్పమంటారు.

నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. మీ రోబో గరిమనాభి (బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? చీలమండలో, తుంటిలో ఎంత లూజు ఉంది? రోబో ఒరుగుతోందని సెన్సార్ పసిగట్టిన క్షణం నుంచి మోటారు కదిలే క్షణం దాకా ఎన్ని మిల్లీసెకన్లు పడుతోంది? ఈ మూడూ తెలియకుండా గెయిన్ చెప్పడమంటే నాడి చూడకుండా మందు రాయడమే.

ఈ మార్గదర్శి 40–50 సెం.మీ. ఎత్తు, 2–3 కిలోల బరువు ఉండే రోబోల కోసం. ఒక్కో కాలికి ఆరు మోటార్లు అనుకుంటున్నాను: తుంటిలో మూడు, మోకాలిలో ఒకటి, చీలమండలో రెండు. తుంటి దగ్గర కాలును నిలువు అక్షం చుట్టూ తిప్పే మోటారు లేని ఐదు మోటార్ల కాలికి కూడా దాదాపు అంతా వర్తిస్తుంది. వరుస మాత్రం మార్చకండి. ఒక మెట్టు దాటకుండా పై మెట్టుకు వెళ్తే, తప్పు ఎక్కడుందో వెతకడానికే రోజులు పోతాయి.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

☐ 5 కిలోల దాకా తూచే వంటింటి డిజిటల్ త్రాసులు రెండు
☐ రసమట్టం, చిన్న మూలమట్టం
☐ స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను
☐ ఒక ఎల్ఈడీ బల్బు, రెండు తీగలు
☐ రోబోను పైనుంచి పట్టి ఉంచడానికి మెత్తని తాడు, దాన్ని కట్టడానికి ఒక చట్రం (రెండు కుర్చీల మీద వెదురు గెడ అడ్డంగా కట్టినా చాలు)
☐ ఒక నోటు పుస్తకం

పరీక్షించే నేలను రసమట్టంతో చూసుకోండి. మేడ మీద పరీక్షలు వద్దు. వాన నీరు జారిపోవాలని మేస్త్రీ అక్కడ వాలు ఇచ్చి ఉంటాడు. కంటికి ఆనని ఒక్క డిగ్రీ వాలు కూడా ఈ పరిమాణం రోబోలో బరువును సుమారు 4.5 మిల్లీమీటర్లు పక్కకు నెడుతుంది. హాల్లో టైల్స్ ఉన్న చోటు ఎంచుకోండి. బీచ్‌కు దగ్గరలో ఉండేవారి ఇళ్లలో ఎంత ఊడ్చినా సన్నని ఇసుక మిగులుతుంది. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే రోబోను దించండి.

2. గరిమనాభిని తూచి కనుక్కోండి

కంప్యూటర్‌లో గీసిన నమూనా చెప్పే గరిమనాభిని నమ్మకండి. అందులో వైర్లు ఉండవు, స్క్రూలు ఉండవు, చివరి నిమిషంలో టేపుతో అంటించిన బ్యాటరీ అసలే ఉండదు. తూచి చూడటానికి పది నిమిషాలు పడుతుంది.

1) రెండు త్రాసులను 50 సెం.మీ. ఎడంగా పెట్టి, వాటి మీద సన్నని ఆనుకట్టలు (పలక ఆనే చిన్న ముక్కలు) ఉంచి, ఆపైన చెక్క పలక వేయండి. చెక్క బరువు లెక్కలోకి రాకుండా రెండింటినీ సున్నా చేయండి.
2) రోబోను నడిచే భంగిమలో, అంటే మోకాళ్లు వంచి, మోటార్లు బిగుసుకుని ఉండగా పలక మీద వెల్లకిలా పడుకోబెట్టండి. అరికాళ్లు మొదటి ఆనుకట్టకు సరిగ్గా పైన ఉండాలి.
3) రెండో త్రాసు చూపిన బరువును మొత్తం బరువుతో భాగించి, 50తో గుణించండి. అదే అరికాలి నుంచి గరిమనాభి ఎత్తు.

ఉదాహరణకు మొదటి త్రాసు 1.15 కిలోలు, రెండోది 1.25 కిలోలు చూపితే ఎత్తు 26 సెం.మీ. ఇదే పద్ధతిలో రోబోను అడ్డంగా తిప్పి ఎడమ–కుడి కొలత కూడా తీయండి. గరిమనాభి ఒకవైపుకు 3 మిల్లీమీటర్లు జరిగి ఉన్నా కోడ్‌తో కప్పిపుచ్చకుండా బ్యాటరీని జరిపి సరిచేయండి.

ఇప్పుడు అసలైన లెక్క. 9.81ని ఆ ఎత్తుతో మీటర్లలో భాగించి, వర్గమూలం తీయండి. 26 సెం.మీ.కు 6.14 వస్తుంది. 1ని దానితో భాగిస్తే 0.163 సెకను. దీన్ని నేను రోబో “గడువు” అంటాను. బరువు ఉండవలసిన చోటు నుంచి 1 సెం.మీ. తప్పి, అదే వైపు ఒరిగిపోతోందనుకోండి. ఎవరూ దిద్దకపోతే ఒక గడువు గడిచేసరికి ఆ తప్పు సుమారు 2.7 సెం.మీ. అవుతుంది, రెండో గడువుకు 7.4 సెం.మీ. అవుతుంది. పాదం వెడల్పు 6 సెం.మీ. అయితే మధ్య నుంచి అంచుకు ఉన్నది 3 సెం.మీ. మాత్రమే. అంటే మొదటి 0.16 సెకనులోపే దిద్దుబాటు మొదలు కావాలి.

మనిషి గరిమనాభి ఒక మీటరుకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి మన గడువు 0.3 సెకనుకు పైనే. పొడవాటి గెడను అరచేతిలో నిలబెట్టగలం, పెన్సిల్‌ను నిలబెట్టలేం. చిన్న రోబో పెన్సిల్ లాంటిది. “చిన్నదే కదా, తేలిక” అనుకుని మొదలుపెట్టేవారు ఇక్కడే దెబ్బతింటారు.

బ్యాటరీని కాళ్లకు కట్టి బరువు కిందికి దించితే స్థిరంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కదలని కుండీకి అది నిజం. నడిచే రోబోకు గరిమనాభి దిగిన కొద్దీ గడువు తగ్గుతుంది. పైగా బరువైన కాలును ఊపిన ప్రతిసారీ మొండెం ఎదురు తిరుగుతుంది. బ్యాటరీ మొండెంలోనే, కటికి కాస్త పైన ఉండనివ్వండి.

3. కీళ్ల లూజు, మోటారు బలం

రోబోకు కరెంటు ఇచ్చి, మోటార్లు బిగుసుకున్నాక కటిని ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి. రెండో చేత్తో పాదం కొసను పక్కకు మెల్లగా కదపండి. మోటారు ఎదురు తిరగకముందే పాదం ఎంత కదిలిందో స్కేలుతో కొలవండి. తుంటి దగ్గర ఒక డిగ్రీ లూజు ఉంటే పాదం దగ్గర దాదాపు 4 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ఆరు కీళ్లలో తలా కాస్త ఉంటే అంతా కలిసి పెరుగుతుంది.

నా మొదటి రోబోలో ఎడమ తుంటి హార్న్ (మోటారు ఇరుసుకు తొడిగే పలక) స్క్రూ ఒక్కటి పావు చుట్టు వదులైంది. అది తెలియక రెండు వారాలు గెయిన్లు మార్చాను. ఆ రెండు వారాలు మీకు పోకూడదనే ఈ మెట్టును ఇంత ముందు పెట్టాను.

☐ హార్న్‌లు లోహానివేనా?
☐ తుంటి, చీలమండ మోటార్లకు రెండో వైపు కూడా బేరింగ్ ఆధారం ఉందా?
☐ లోహం మీద లోహం బిగిసే స్క్రూలకు థ్రెడ్‌లాక్ (వదులవకుండా పట్టే జిగురు) వేశారా? (ప్లాస్టిక్ భాగాలకు వేయకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగుళ్లిస్తుంది.)
☐ మోటారు పట్టుకునే భాగాలు పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింటర్‌లో ముద్రించారా?

చివరిది ముఖ్యం. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. పనిచేస్తున్న మోటారు పక్కన, మే నెలలో ఎండలో ఆపిన కారులో ఆ వేడి సులువుగా వస్తుంది. బదులుగా పీఈటీజీ ప్లాస్టిక్ వాడండి. తుంటి బ్రాకెట్లను అల్యూమినియంతో చేయించగలిగితే ఇంకా మంచిది. గాజువాక ఆటోనగర్ షెడ్లలో కొలతలు గీసిన కాగితం ఇస్తే చేసి ఇచ్చే పనివాళ్లున్నారు. రంధ్రాల మధ్య దూరాలు మాత్రం మోటారును ఎదుట పెట్టి మరీ చూపించండి.

ఇక మోటారు తిప్పే బలం. దీన్ని కిలో-సెం.మీ.లలో చెబుతారు, అంటే ఇరుసుకు 1 సెం.మీ. దూరంలో ఎన్ని కిలోలు మోయగలదో. తొడ, పిక్క ఒక్కొక్కటి 12 సెం.మీ. అనుకుందాం. మోకాలిని 30 డిగ్రీలు వంచితే అది బరువు గీతకు సుమారు 3 సెం.మీ. ముందుకు వస్తుంది. 2.4 కిలోలూ ఒక కాలి మీద పడినప్పుడు మోకాలి మోటారు 7 కిలో-సెం.మీ.కు పైగా మోయాలి. 60 డిగ్రీలు వంచితే అది 14 దాటుతుంది. మన విద్యార్థులు ఎక్కువగా వాడే ఎంజీ 996ఆర్ సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు) 6 వోల్టుల దగ్గర సుమారు 11 కిలో-సెం.మీ. ఇస్తుందని రాసి ఉంటుంది. అయితే అది మోటారు కదలలేక ఆగిపోయే చోటి అంకె. అందులో సగానికి మించి ఎప్పుడూ వాడించకూడదన్నది నేను పాటించే నియమం. ఆ లెక్కన ఈ బరువుకు 20 కిలో-సెం.మీ. తరగతి మోటారు కావాలి. లేదంటే రోబో బరువు తగ్గించుకోవాలి.

4. అరికాలు

అద్దం పలక మీద పాదాన్ని పెట్టి కింది నుంచి చూడండి. నాలుగు మూలలూ తాకాలి. ఒక మూల లేచి ఉంటే రోబో ప్రతి అడుగుకూ ఆ మూల మీద ఊగుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల రబ్బరు షీటు అంటించండి. మందపాటి స్పాంజి వద్దు, అది మెత్తని పరుపు మీద నిలబెట్టినట్టే. ముందు అంచును కొద్దిగా గుండ్రంగా అరగదీస్తే టైల్ కీళ్లకు తట్టుకోదు.

5. కీళ్ల సున్నా స్థానం

ఎంజీ 996ఆర్ లాంటి సర్వోల ఇరుసు మీద 25 పళ్లుంటాయి. అంటే హార్న్‌ను 14.4 డిగ్రీల మెట్లలోనే తొడగగలం. మిగిలిన తేడాను కోడ్‌లో ఒక్కో కీలుకు ఒక్కో దిద్దుబాటు అంకెగా పెట్టాలి. పాదం నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి: మూలమట్టాన్ని పాదానికి, పిక్కకు ఆనించి 90 డిగ్రీలు, తర్వాత మోకాలు, తర్వాత తుంటి. కంటి అంచనాతో పెట్టిన సున్నాలో రెండు మూడు డిగ్రీల తప్పు ఉండటం మామూలే.

అయ్యాక ఒక్కో పాదాన్ని ఒక్కో త్రాసు మీద పెట్టి నిలబెట్టండి. రెండు అంకెల మధ్య తేడా మొత్తం బరువులో ఇరవయ్యో వంతుకు మించితే మళ్లీ మొదటికి వెళ్లండి.

6. ఐఎంయూ: దిశలు, సున్నా, వడపోత

ఐఎంయూ అంటే రోబో వంపును, కదలికను కొలిచే సెన్సార్ బోర్డు. దాన్ని కటికి దగ్గరగా, గట్టిగా స్క్రూలతో బిగించండి. కంపనాలు తగ్గుతాయని కింద స్పాంజి పెడతారు. అప్పుడు సెన్సార్ కొలిచేది రోబో ఊపును కాదు, స్పాంజి ఊపును.

తర్వాత దిశల పరీక్ష. ఇక్కడ జరిగే తప్పే అన్నిటికంటే ఎక్కువ రోబోలను పడగొడుతుంది. తాడుకు వేలాడదీసి, చేత్తో ఒరిగిస్తూ చూడండి:

☐ ముందుకు వంచితే కోడ్‌లో ముందుకు వంపు అంకె పెరుగుతోందా?
☐ ముందుకు వంచినప్పుడు రెండు పాదాల ముందు కొసలు కిందికి నొక్కుతున్నాయా? (పైకి లేస్తే గుర్తు తలకిందులైంది.)
☐ కుడికి వంచినప్పుడు కుడి పాదం బయటి అంచు కిందికి నొక్కుతోందా?
☐ కుడి కాలికి సరైన గుర్తు ఎడమ కాలికి కూడా సరిగ్గా ఉందా? మోటారు అద్దంలో బొమ్మలా తిప్పి బిగించి ఉంటే అక్కడ గుర్తు మారుతుంది.

ప్రతిసారీ ఆన్ చేయగానే రోబోను ఐదు సెకన్లు కదపకుండా ఉంచి, గైరో (తిరిగే వేగాన్ని కొలిచే భాగం) చూపే అంకెల సగటును సున్నాగా తీసుకోండి. వేడెక్కితే ఆ సున్నా జరుగుతుంది కాబట్టి పది నిమిషాల తర్వాత మరోసారి తీయండి.

వంపు కోణం లెక్కకు సులువైన దారి ఇది: గైరో ఇచ్చిన మార్పును పాత కోణానికి కలిపి 0.98తో, యాక్సిలరోమీటర్ (గురుత్వ దిశను, కుదుపులను కొలిచే భాగం) చెప్పే కోణాన్ని 0.02తో గుణించి రెండింటినీ కలపండి. కోడ్ మళ్లీ మళ్లీ చేసే చుట్టును లూప్ అంటారు. సెకనుకు వందసార్లు తిరిగే లూప్‌కు ఇది సరిపోతుంది. పాదం నేలను తాకిన ప్రతి దెబ్బకూ యాక్సిలరోమీటర్ బెదురుతుంది, అందుకే దానికి అంత చిన్న వాటా.

ఎంపీయూ 6050 అనే ఐఎంయూ చిప్‌లో లోపలి వడపోతను ఎంచుకునే అవకాశం ఉంది. గైరోకు 42 హెర్ట్జ్ దగ్గర ఆలస్యం సుమారు 5 మిల్లీసెకన్లు. 5 హెర్ట్జ్ పెడితే గీత నున్నగా కనిపిస్తుంది, కానీ ఆలస్యం 19 మిల్లీసెకన్లకు చేరుతుంది. నున్నటి గీతకు ఆశపడి గడువులో తొమ్మిదో వంతు పోగొట్టుకోకండి.

7. ఆలస్యాన్ని కొలవండి

ఈ మెట్టును దాటేసేవారే ఎక్కువ. నా అనుభవంలో కారణం దొరకని పతనాలకు మూలం తరచూ ఇక్కడే ఉంటుంది.

ఐఎంయూను పట్టిన మొండేన్ని వేలితో టక్కున తట్టగానే కోడ్ చీలమండను పది డిగ్రీలు కదిపేలా ఒక చిన్న ప్రోగ్రాం రాయండి. ఆదేశం పంపే క్షణంలోనే ఎల్ఈడీ వెలగాలి. వేలు, ఎల్ఈడీ, పాదం మూడూ కనిపించేలా 240 ఫ్రేముల వేగంతో వీడియో తీయండి. ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. వేలు తాకినప్పటి నుంచి ఎల్ఈడీ వెలిగే దాకా ఫ్రేములు లెక్కపెడితే సెన్సార్, కోడ్ తినే సమయం తెలుస్తుంది. ఎల్ఈడీ నుంచి పాదం కదిలే దాకా లెక్కపెడితే మోటారు తినే సమయం తెలుస్తుంది. పదిసార్లు చేసి, అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్ని రాసుకోండి. సగటు చూసి సంతోషించవద్దు, రోబోను పడేసేది ఆ చెడ్డ పదోసారే.

మొత్తం ఆలస్యం గడువులో పావు వంతు లోపు ఉండేలా చూసుకోండి. మన ఉదాహరణకు అది 40 మిల్లీసెకన్లు. మూడో వంతు దాటితే గెయిన్ ఎంత మార్చినా వణుకు వదలదు. తగ్గించుకునే దారులు:

☐ లూప్ లోపల తెరమీద ముద్రించే వాక్యాలు తీసేయండి. అంకెలను మెమొరీలో దాచి, ఆగాక చూసుకోండి.
☐ కెమెరా, వైఫై పనులను వేరే ప్రాసెసర్‌కు ఇవ్వండి.
☐ డైనమిక్సెల్ లాంటి, ఒకే తీగ మీద వరుసగా కలిపే మోటార్లయితే అన్నింటికీ ఒకే ప్యాకెట్‌లో ఆదేశం పంపండి. ఆ రకంలోని ఏఎక్స్-12ఏ మోటారు సెకనుకు పది లక్షల బిట్ల వేగాన్ని అందుకుంటుంది, తక్కువ వేగంలో వదిలేయకండి.
☐ మామూలు సర్వోకు 20 మిల్లీసెకన్లకు ఒకసారే సంకేతం వెళ్తుంది. మీ లూప్‌ను దానితో కలిపి నడపండి. లేకపోతే లెక్క పూర్తయినా ఆదేశం వరుసలో నిలబడి ఉంటుంది.
☐ పాదాల కింద లోడ్‌సెల్‌లకు (బరువు కొలిచే సెన్సార్లకు) హెచ్ఎక్స్ 711 చిప్ వాడుతుంటే అది సెకనుకు పదిసార్లే చదివేలా అమర్చి ఉండవచ్చు. 80కి మార్చండి. పదిసార్లంటే ఒక్కో కొలతకు 100 మిల్లీసెకన్లు, నడకలో దానికి విలువే లేదు.

8. నిలబడటం

చేపల రేవులో పడవ మీద నిలబడి వల లాగే మనిషిని చూడండి. కాళ్లు ఎడంగా, మోకాళ్లు కాస్త వంచి ఉంటాడు. అరకు ఘాట్ రోడ్డులో బస్సులో నిలబడ్డప్పుడు మనమూ తెలియకుండానే అలాగే నిలబడతాం. రోబోకు కూడా మోకాళ్లు 25–30 డిగ్రీలు వంగి ఉండాలి. పూర్తిగా చాచిన కాలు ఇక పొడవు పెరగలేదు, ఆ స్థితిలో కోణాల లెక్క కూడా తెగిపోతుంది.

1) తాడును చట్రానికి కట్టండి. రోబో నిలబడినప్పుడు తాడు రెండు వేళ్ల వదులుతో ఉండాలి. బిగువుగా ఉంటే తాడే నిలబెడుతుంది, మీరు మోసపోతారు.
2) ముందుగా గైరో చూపే కోణీయ వేగాన్ని మాత్రమే చీలమండ కోణానికి చిన్న గెయిన్‌తో కలపండి.
3) వణుకు మొదలయ్యేదాకా గెయిన్ పెంచండి. మొదలైన చోటి అంకెను సగం చేయండి.
4) తర్వాత వంపు కోణానికి కూడా చిన్న గెయిన్ ఇవ్వండి. మెల్లగా ముందుకు వెనక్కు ఊగడం మొదలైతే తగ్గించండి.
5) ముందు–వెనుక సరిపోయాక అదే పని ఎడమ–కుడికి చేయండి. రెండింటినీ ఒకేసారి ముట్టుకోకండి.

ఛాతీ మీద వేలితో తోస్తే రోబో ఒకటి రెండు ఊపుల్లో కుదురుకోవాలి. అలా పది నిమిషాలు నిలబెట్టి, మోటార్లను చేత్తో తాకి చూడండి. చెయ్యి ఆన్చలేనంత వేడెక్కిన మోటారు ఉంటే మూడో మెట్టు లెక్క తప్పినట్టే.

9. బరువు మార్చడం

కాలు ఎత్తకుండా, కటిని మాత్రమే పక్కకు జరపండి. రెండు పాదాల కింద త్రాసులు ఉంచి చూస్తే బరువు ఒక కాలి నుంచి మరో కాలికి ఎలా జారుతోందో కళ్లారా తెలుస్తుంది. కుడి త్రాసు మొత్తం బరువు చూపేదాకా జరిపి, మూడు సెకన్లు ఆపి, వెనక్కు తీసుకురండి. తర్వాత ఖాళీ అయిన కాలును 1 సెం.మీ. ఎత్తండి.

ఎత్తగానే కటి ఆ కాలి వైపు దిగజారుతుంది. మొండెం, గాలిలో ఉన్న కాలు కలిసి నిలిచిన తుంటి మోటారు మీద వేలాడతాయి, మోటారు ఒకటి రెండు డిగ్రీలు లొంగుతుంది, ఎత్తిన పాదం నేలను రాస్తుంది. “అడుగు తీయగానే ఒరిగిపోతోంది” అనే ఫిర్యాదుకు నేను చూసిన రోబోల్లో ఎక్కువసార్లు ఇదే కారణం. ఒంటికాలి మీద ఉన్నంతసేపు నిలిచిన తుంటికి పక్కవంపులో 2 నుంచి 4 డిగ్రీలు అదనంగా ఇవ్వండి. ఆ అదనపు కోణాన్ని ఒక్కసారిగా కాకుండా బరువు మారుతున్న కొద్దీ మెల్లగా పెంచండి.

పాదం నాలుగు మూలల్లో లోడ్‌సెల్‌లుంటే ఒత్తిడి కేంద్రం ఎక్కడుందో లెక్కించండి. ఒక్కో మూల స్థానాన్ని ఆ మూల మోసే బరువుతో గుణించి, కలిపి, మొత్తం బరువుతో భాగించాలి. ఈ బిందువునే సమతల నేల మీద జీరో మొమెంట్ పాయింట్ అంటారు. అది పాదం అంచుకు చేరిందంటే పాదం మడమ మీదో, కొస మీదో తిరగబడటం మొదలైనట్టే. అంచుకు 1 సెం.మీ. లోపలే ఉండేలా కదలికలను సరిచేసుకోండి.

10. ఉన్నచోటే అడుగులు

ఇక్కడ అడుగు సమయమే ముఖ్యం. రెండు పాదాల మధ్య దూరం 8 సెం.మీ., గరిమనాభి ఎత్తు 26 సెం.మీ. అనుకుని లెక్క కడితే, ఒంటికాలి మీద ఉండే సమయాన్ని బట్టి కటి మధ్యగీత నుంచి పక్కకు ఊగవలసిన దూరం ఇలా వస్తుంది:

0.3 సెకను: సుమారు 1.25 సెం.మీ.
0.4 సెకను: సుమారు 1.8 సెం.మీ.
0.6 సెకను: సుమారు 2.8 సెం.మీ.

భయపడి అడుగును నెమ్మది చేసిన కొద్దీ పక్క ఊపు పెంచాలి. నెమ్మది అడుగుకు చిన్న ఊపు పెడితే రోబో లోపలి వైపుకు, త్వరిత అడుగుకు పెద్ద ఊపు పెడితే బయటి వైపుకు పడుతుంది. కాబట్టి ఏ వైపు పడుతోందో చూసి ఏది మార్చాలో తెలుసుకోవచ్చు. 0.4 సెకనుతో మొదలుపెట్టండి. రెండు కాళ్లూ నేల మీద ఉండే చిన్న విరామం, అడుగులో అయిదో వంతు దాకా, మొదట్లో ఉంచండి. ఆ విరామాన్ని బట్టి పై అంకెలు కాస్త మారతాయి. వాటిని మొదటి అంచనాగా తీసుకుని త్రాసుతో, వీడియోతో సరిచూసుకోండి.

తాడు వదులుగా ఉండగా ఆగకుండా వంద అడుగులు వేయగలిగాకే ముందుకు.

11. ముందుకు నడక

మొదటి రోజు అడుగు పొడవు 1 సెం.మీ. మాత్రమే. పదిసార్లు నడిచి పదిసార్లూ నిలిస్తే 2 సెం.మీ. చేయండి. పసిపిల్లల తప్పటడుగుల్లాగే ఇక్కడ తొందర పనికిరాదు.

☐ గాలిలోని పాదం నేలకు సమాంతరంగా దిగుతోందా? మడమో కొసో ముందు తాకితే చీలమండ కోణం మార్చండి.
☐ నేలను తాకే క్షణంలో పాదం కిందికి దిగే వేగం దాదాపు సున్నా అవుతోందా? “టక్” మని శబ్దం వస్తే కాదు.
☐ మొదటి అడుగు, చివరి అడుగు సగం పొడవుతో ఉన్నాయా? నడక మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడే పతనాలు ఎక్కువ.

ఆపాలనుకున్నప్పుడు పాదాన్ని ఎక్కడ వేయాలో గడువే చెబుతుంది. గరిమనాభి ముందుకు పోతున్న వేగాన్ని గడువుతో గుణించండి. సెకనుకు 15 సెం.మీ. వేగమైతే 0.163తో గుణిస్తే 2.4 సెం.మీ. గరిమనాభికి నేరుగా కింద ఉన్న చోటు నుంచి అంత ముందు పాదం మధ్యభాగం పడితే రోబో దాని మీదికి వచ్చి ఆగుతుంది. దానికి ఇవతల పడితే ముందుకు తూలుతుంది. దాటి పడితే వెనక్కు వస్తుంది.

బయటి నుంచి తోసినప్పుడూ ఇదే లెక్క. ఆ బిందువు పాదం లోపలే ఉంటే చీలమండ దిద్దుకోగలదు. అంచు దాటిపోతే చీలమండ ఎంత శ్రమపడినా లాభం లేదు, అడుగు వేయాల్సిందే. ఈ నిర్ణయాన్ని కోడ్ ప్రతి లూప్‌లోనూ తీసుకోవాలి. మొండెం ఊపి నిలదొక్కుకునే తుంటి పద్ధతిని చివరికి వదిలేయండి. ఈ పరిమాణం రోబోల్లో అది ఇచ్చే లాభం తక్కువ, తెచ్చే వణుకు ఎక్కువ.

12. లక్షణాన్ని బట్టి కారణం

నిలబడి ఉండగానే సన్నగా వణుకుతోంది: గెయిన్ ఎక్కువ, లేదా ఏదో కీలు లూజు. గెయిన్ సగం చేసినా వణుకు పోకపోతే లూజే.

ప్రతిసారీ ఒకే వైపు పడుతోంది: ఐదో మెట్టులో సున్నా తప్పింది, లేదా నేల వాలుగా ఉంది. రోబోను అదే చోట వెనక్కు తిప్పి నడపండి. పడే దిక్కు రోబోతో పాటు మారితే తప్పు రోబోది, మారకపోతే నేలది.

నడుస్తూ క్రమంగా ఒక పక్కకు తిరిగిపోతోంది: ఒక అరికాలు జారుతోంది. రబ్బరు తుడవండి, చేతులను కాళ్లకు ఎదురుగా ఊపండి.

పొద్దున నడిచింది, సాయంత్రం పడుతోంది: బ్యాటరీ. మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ నిండుగా 12.6 వోల్టులుంటుంది. వాడిన కొద్దీ తగ్గుతుంది, మోటార్లు మందగిస్తాయి. 10.5 వోల్టుల దగ్గర ఆపేయండి. గెయిన్లు సరిచేసే ప్రతి సారీ వోల్టేజీ ఎంతో పక్కన రాసుకోండి.

అడుగు మధ్యలో అన్నీ ఒక్కసారిగా సడలి కుప్పకూలుతోంది: మోటార్లన్నీ ఒకేసారి లాగడంతో వోల్టేజీ పడి కంట్రోలర్ బోర్డు మళ్లీ మొదలవుతోంది. ఏఎక్స్-12ఏ ఒక్కటి ఆగిపోయినప్పుడు 12 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు లాగుతుంది, పన్నెండు కలిస్తే 18. బోర్డుకు వేరే రెగ్యులేటర్ పెట్టండి, మోటార్లకు లావు తీగలు వాడండి.

నెలల పాటు బాగా నడిచి, ఉన్నట్టుండి అప్పుడప్పుడు ఒక కీలు గెంతుతోంది: కనెక్టర్లు చూడండి. మన సముద్రపు గాలిలో ఉప్పు, తేమ కలిసి పిన్నుల మీద పచ్చని పొర కట్టిస్తాయి. తుడిచి, వాడనప్పుడు మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి.

13. పడినప్పుడు, పడ్డాక

పతనం తప్పదని తేలాక మోటార్లు బిగుసుకుని ఉంటే లోపలి గేర్ల పళ్లు విరుగుతాయి. వంపు 35–40 డిగ్రీలు దాటితే మోకాళ్లు ముడిచి, వెంటనే మోటార్లను సడలించే వాక్యాన్ని కోడ్‌లో మొదటి రోజే రాసిపెట్టండి. మోకాళ్లకు, మోచేతులకు రబ్బరు ముక్కలు అంటించండి.

లేపి నిలబెట్టాక వెంటనే నడిపించకండి.

☐ కరెంటు తీసి ప్రతి కీలును చేత్తో మెల్లగా తిప్పండి. కరకరమంటే పళ్లు పోయాయి.
☐ తుంటి, చీలమండ స్క్రూలు బిగించండి.
☐ ఐఎంయూ బోర్డు కదిలిందేమో చూడండి.
☐ రెండు త్రాసుల మీద నిలబెట్టి ఎడమ–కుడి బరువులు సరిచూడండి.
☐ పడక ముందు నమోదైన చివరి రెండు సెకన్ల అంకెలను భద్రపరచండి. ఏ వైపు, ఎన్నో అడుగుకు, ఎంత వోల్టేజీ దగ్గర పడిందో నోటు పుస్తకంలో తేదీతో రాయండి.
☐ తాడు మళ్లీ కట్టి, ఎనిమిదో మెట్టులోని వేలి పరీక్ష నుంచి మొదలుపెట్టండి.